జయాన్ నారోస్‌లో నది వెంట నడక: నా అనుభవం

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న జయాన్ నేషనల్ పార్క్‌లో నారోస్ అనే ఇరుకు లోయ ఉంది. అక్కడ విడిగా దారంటూ లేదు, వర్జిన్ నది ఉత్తర పాయలోనే నడవాలి. టెంపుల్ ఆఫ్ సినవావా బస్ స్టాప్ నుంచి ఎదురునీటిలో బిగ్ స్ప్రింగ్ దాకా వెళ్ళి రావడానికి పర్మిట్ అక్కర్లేదు. రానూపోనూ దాదాపు 15 కిలోమీటర్లు. ఎగువన చాంబర్లిన్స్ రాంచ్ వైపు నుంచి కిందికి దిగే 16 మైళ్ల నడకకు మాత్రం పర్మిట్ తప్పనిసరి. నేను నడిచింది మొదటిది, సెప్టెంబరు చివర్లో.

బయల్దేరే ముందు రెండు చూసుకున్నాను: నది ప్రవాహం, ఆకస్మిక వరద సూచన. ప్రవాహం 150 క్యూసెక్కులు దాటితే నారోస్ మూసేస్తారు. ప్రకాశం బ్యారేజీకి లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందని వినే మనకు 150 లెక్కలోకే రాదు. కానీ కొన్నిచోట్ల ఇక్కడ లోయ వెడల్పు ఇరవై ముప్పై అడుగులే. ఆ నీళ్లన్నీ ఆ సందులోంచే రావాలి, మనం వాటికి ఎదురు నడవాలి. పైన మంచు కరిగే వసంతంలో తరచూ మూసి ఉంటుంది. వేసవి చివరికి, శరత్కాలానికి ప్రవాహం 50 చుట్టూ ఉంటుంది. అప్పుడు ఎక్కువ దూరం మోకాలి లోతు, మడుగుల్లో నడుము లోతు.

వరద సూచన ఇంకా ముఖ్యం. పైనున్న నున్నటి రాతినేల వాననీటిని పీల్చుకోదు, పడింది పడ్డట్టే లోయలోకి జారుతుంది. అందుకే మన నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన ఎక్కడో కురిసిన వానకు ఇక్కడ వరద వస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా ఈ ప్రమాదం ఎక్కువ. 2015 సెప్టెంబరులో ఇదే పార్క్‌లోని కీహోల్ కాన్యన్‌లో వరదకు ఏడుగురు చనిపోయారు. సూచనలో నాలుగు స్థాయిలుంటాయి. ‘సంభావ్యం’ అన్న మూడో స్థాయి కనిపిస్తే ఆ రోజు వేరే కొండ చూసుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. లోపల ఉన్నప్పుడు తేట నీళ్లు బురదగా మారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా, ఎగువ నుంచి హోరు పెరుగుతున్నా ఆలోచించకుండా గట్టు ఎక్కాలి. నీటితో పోటీపడి కిందికి పరుగెత్తకూడదు.

సామాను పార్క్ గేటు బయట స్ప్రింగ్‌డేల్‌లో అద్దెకు దొరుకుతుంది: చీలమండను పట్టి ఉంచే మూసిన బూట్లు, నీళ్లలో కాళ్లను వెచ్చగా ఉంచే నియోప్రీన్ సాక్సులు, భుజం ఎత్తు కర్ర. చెప్పులూ శాండిల్సూ పనికిరావు, గుండ్రాళ్ల మధ్య కాలివేళ్లు ఇరుక్కుంటాయి. రెండు చిన్న కర్రలకన్నా ఒక్క లావుపాటి కర్రే మేలు. దాన్ని ఎగువ వైపు ఆనించి, రెండు కాళ్లూ కర్రా కలిసి మూడు ఊతాల్లో ఎప్పుడూ రెండు నేల మీద ఉండేలా కదలాలి. నీళ్లు నురగగా ఉన్నచోట లోతు తక్కువ, ముదురు పచ్చగా నిలకడగా ఉన్నచోట మడుగు. తాగునీరు నాలుగు లీటర్లు మోసుకెళ్ళాలి. 2020లో ఈ నదిలో విషం పుట్టించే సయనోబాక్టీరియా బయటపడింది, ఫిల్టర్ పెట్టినా ఆ విషం పోదు. తల ముంచకూడదు, పిల్లల్ని నీళ్లు మింగనివ్వకూడదు.

సిమెంటు బాట ఒక మైలు నడిచాక నదిలోకి దిగాలి. ఇక్కడి నుంచి రాతిని గమనిస్తూ వెళ్ళడమే నాకు అన్నింటికన్నా ఇష్టం. ఈ గోడలు నవాహో ఇసుకరాయి, సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి ఎడారి ఇసుకదిబ్బలు గట్టిపడి రాయైనవి. గోడ మీద ఏటవాలు గీతలు ఆ దిబ్బల వాలులే. వీటి కింద కయెంటా అనే మెత్తటి పొర ఉంది. బస్సు నడిచే ప్రధాన లోయలో నది ఆ పొర దాకా కోసేసింది. అడుగు మెత్తబడటంతో పై గోడలు ఆసరా లేక కూలి లోయ వెడల్పైంది. సినవావాకు ఎగువన నది ఇంకా గట్టి రాతిలోనే ఉంది, నిలువునా కోయడం తప్ప పక్కలకు జరగలేకపోయింది. అందుకే నారోస్ ఇరుకు.

దాదాపు రెండున్నర మైళ్ల దగ్గర కుడివైపు ఆర్డర్‌విల్ కాన్యన్ కలుస్తుంది. ఆ తర్వాత వాల్ స్ట్రీట్ అనే భాగంలో గట్టన్నదే దాదాపు ఉండదు, వరదొస్తే ఎక్కడానికి చోటుండదు. మేఘం పడితే ఆర్డర్‌విల్ దగ్గరే వెనుదిరగాలి. బిగ్ స్ప్రింగ్ దాకా వెళ్ళాలంటే పొద్దున్నే మొదటి బస్సుల్లో చేరాలి. గంటకు ఒక మైలు నడిస్తే అది మంచి వేగమే. ఆఖరి బస్సు తప్పితే తొమ్మిది మైళ్ల వరకు రోడ్డు మీద నడక మిగులుతుంది.

తిరుగు బస్సులో కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. కోర్ట్ ఆఫ్ ది పేట్రియార్క్స్ అనే శిఖరాలు దాటాక శాండ్ బెంచ్ గుట్టలు కనిపిస్తాయి. దాదాపు 4,800 ఏళ్ల కిందట కొండచరియ విరిగి నదికి అడ్డుపడితే సుమారు 700 ఏళ్లు ఇక్కడ చెరువు నిలిచింది. ఆ ఒండ్రు వల్లే ఎగువ లోయ అడుగు అంత చదునుగా ఉంది. 1995 ఏప్రిల్‌లో అదే శిథిలం మళ్ళీ జారి నదిని రోడ్డు మీదికి నెట్టింది. రోడ్డు కొట్టుకుపోయి లాడ్జ్‌లో ఉన్నవాళ్లు లోపలే చిక్కుకుపోయారు.