పల్లీ గింజంత ముక్క

పొద్దున ఆరున్నర, అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్. చుట్టూ ఏమైనా కానీ పట్టా మీద నెమ్మదిగా పడుకుని ఉండడం కుక్కలకి నేర్పే క్లాసు. 5 కుక్కలు, 15 అడుగుల ఎడంతో, ఒక్కోదాని కింద ఒక గోనెపట్టా. పక్కనే బుల్లెట్ బండి డబడబమని పోయింది. నాలుగు కదల్లేదు. ల్యాబ్రడార్ (ల్యాబ్) మాత్రం లేచి ఒకటే అరుపు.

ఓనరన్న బెల్టు గుంజినాడు. అక్కడే తప్పు. బెల్టు బిగిస్తే "భయపడాల్సిందేదో ఉంది" అని మనమే చెప్పినట్టు.

మూతి దగ్గర చికెన్ పెట్టినా ముట్టలేదు. తిండిపోతు ల్యాబే తినలేదంటే మొండితనం కాదబ్బా, బండ్ల నుంచి దూరం చాలలేదు. ఇంకో 20 అడుగులు వెనక్కి పోయినాక తినింది.

ఉప్పూకారం లేని ఉడికిన ముక్క, పల్లీ గింజంత. ముందుకాళ్ల మధ్య నేలమీద పెట్టాల, ఎత్తి చూపిస్తే లేచి కూర్చుంటుంది. మొదట 3 సెకన్లకొకటి, తర్వాత 10, ఆపైన 30.

ఏడున్నరకి బంద్. ఎండెక్కితే తారు మీద మన చెయ్యే 5 సెకన్లు ఆనదు, ఇంక వాటి పాదాలెట్ల ఆనతాయి?