పక్క తిరిగితే గది తిరిగేది

అమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడివైపు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టారు ఈఎన్‌టీ డాక్టర్. కొన్ని సెకన్లకే అమ్మ కళ్లు గిరగిరా కొట్టుకున్నాయి. నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

నెల నుంచీ ‘బీపీయేమో, నీరసమేమో, గుంటూరు ఎండలు కదా’ అంటూ మజ్జిగ తాగిస్తున్నాం. మంచం మీద పక్కకు తిరిగితేనే గది తిరుగుతోందని అమ్మ చెబుతూనే ఉంది. మేం వినలేదు. డాక్టర్ మొదట అడిగింది అదే!

లోపలి చెవిలో కాల్షియం పలుకులు చోటు తప్పాయట. తలను వరసగా తిప్పుతూ వాటిని సర్దారు. బీపీ, షుగర్ కూడా చూశారు. మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా మాత్రం క్షణం ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు.

రాత్రి అమ్మ భయంభయంగానే కుడిపక్కకు తిరిగింది. గది తిరగలేదంది.