అరసవల్లి కార్డు, నాలుగో ప్రయత్నం: ఆరిన ఇంకు మళ్లీ చెమరుస్తోంది

ఈసారి కూడా బంగారు రంగు పొడి కార్డు మీది సూర్యుడి రథచక్రంతో ఆగక ఆకాశమంతా అంటుకుంది. అక్టోబరులో అరసవల్లి మూలవిరాట్టు పాదాలను తాకే సూర్యకిరణాలను ఒక ఎ6 కార్డు మీద చూపాలన్నది నా సంకల్పం. కిరణాలు స్టెన్సిల్‌తో మొదటిసారే చక్కగా వచ్చాయి.

చిక్కంతా ఎంబాసింగ్‌తోనే, అంటే తడి అచ్చు మీద పొడి చల్లి, దులిపి, వేడితో కరిగించి గీతలను ఉబ్బించడంతోనే. 300 జీఎస్ఎం వాటర్‌కలర్ కాగితం మీద డిస్ట్రెస్ అనే డై (నీటిలో కరిగే రంగు) ఇంకుల్లో మస్టర్డ్ సీడ్ పసుపు, అంచులకు వాల్‌నట్ స్టెయిన్ గోధుమ రంగు రుద్ది, ఆరిందని తోచిన తరువాత వెర్సామార్క్ అనే రంగులేని జిగట ఇంకుతో చక్రాన్ని అచ్చువేసి పొడి చల్లితే, చక్రపు ఆకులు మెరుస్తున్నాయి గాని వాటి చుట్టూ ఇసుక రాలినట్లు కనిపిస్తోంది. పొడి అచ్చు బయట అంటకుండా ముందుగా టాల్కం మూటతో అద్దడం మరచిపోలేదు. (ఆ మూట మా తాతగారి పొందూరు ఖద్దరు పంచె ముక్క, పొడి సమంగా దిగడానికి అంత పలుచని నేత మరొకటి నాకు దొరకలేదు.)

డిస్ట్రెస్ ఇంకు నెమ్మదిగా ఆరడం దాని లోపం కాదు, గుణమే. రంగులు ఒకదానిలో ఒకటి కలిసేది అందువల్లనే. ఎంతసేపు ఆగాలో తేల్చుకుందామని, గదిలో తేమ 84 శాతం ఉన్న రోజున, అదే రంగులు రుద్దిన 2 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలను వేర్వేరు వ్యవధులు ఆరబెట్టి, పొడి చల్లి దులిపి, ఒక చదరపు సెంటీమీటరులో మిగిలిన రేణువులను భూతద్దంతో లెక్కపెట్టాను. 15 నిమిషాలు ఆరిన పట్టీ మీద 60 దాటాయి, 4 గంటలు ఆరినదాని మీద 31 ఉన్నాయి, రాత్రంతా ఉంచినదాని మీద మాత్రం 38 తేలాయి. ఆ రాత్రి వాన పడింది. హీట్ గన్‌తో 20 సెకన్లు వేడిచేసి చల్లిన పట్టీ మీద 9 మాత్రమే మిగిలాయి, కాని అలాగే వేడిచేసి అరగంట బల్ల మీద వదిలినదాని మీద 22 కనిపించాయి. 40 సెకన్లకు కాగితం విల్లులా వంగింది.

కనుక ఇంకు ఆరకపోవడం కాదు, ఆరినది గాలిలోని తేమను తిరిగి పీల్చుకుంటోందని నా ఊహ. వాల్‌నట్ స్టెయిన్ మూడు పొరలు పడిన అంచుల్లోనే రేణువులు దట్టంగా ఉండడం ఈ ఊహకు బలమిస్తోంది. అలాగని వేడి మీదనే అచ్చువేస్తే వెర్సామార్క్ కాగితం మీద ఆరిపోయి సన్నని ఆకులు మూడు చోట్ల తెగిపోయాయి. చివరకు, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఆరు వేసిన స్టీలు డబ్బాలో పది నిమిషాలు చల్లార్చి అచ్చువేస్తే, నడుమ 4, అంచుల్లో 15 మిగిలాయి. నడుమ ఉన్నవి పొడి కుంచెకు రాలాయి, అంచులవి కదలలేదు.

డిస్ట్రెస్‌లోనే మరో రకమైన ఆక్సైడ్ ప్యాడ్‌తో కూడా ప్రయత్నించాను. డైతో పాటు పిగ్మెంటు (కరగని రంగు పొడి) కూడా కలిసిన ఆ ఇంకు నా గదిలో మరింత ఆలస్యంగా ఆరింది, పైగా నీటి చుక్క పడగానే తేలే సుద్ద పొర పాత గోడకు అందమిస్తుంది గాని ఉదయపు వెలుగుకు నప్పదు. ఈ పనికి డై ప్యాడే మేలు. ముందుగా బంగారం కరిగించి తరువాత ఇంకు రుద్దే పద్ధతిలో రేణువుల బాధ లేదు, కాని ఉబ్బిన గీతల పక్కన ఇంకు పేరుకుని, టిష్యూతో ఎంత తుడిచినా, చక్రానికి దాదాపు మిల్లీమీటరు మందాన మసి అంచు మిగిలింది.

ఈసారి మస్టర్డ్ సీడ్ ఒక్కటే పలుచగా రుద్ది, వేడిచేసి, డబ్బాలో చల్లార్చి, చక్రం కరిగిన తరువాతనే దానికి దూరంగా వాల్‌నట్ స్టెయిన్ వేస్తాను. రథసప్తమి నాటికి గాలిలో తేమ కొంత తగ్గుతుంది కనుక, ఆ కార్డు కోసం ఏడు గుర్రాలను రబ్బరు పలక మీద చెక్కడం మొదలుపెట్టాను. ఇప్పటికి మూడు పూర్తయ్యాయి, నాలుగోదాని కాలు విరిగింది.