రుషికొండ వైపు ఇల్లు కొన్నాము: నా అనుభవం

ఉద్యోగ విరమణకు పద్నాలుగు నెలల ముందు నుంచే మేము ఇల్లు వెతకడం మొదలుపెట్టాము. ముప్పై ఏళ్లు ప్రభుత్వ క్వార్టర్‌లో గడిపిన మాకు విశాఖ విడిచి వెళ్లాలన్న ఆలోచన ఎన్నడూ లేదు. "సాగర్‌నగర్ దాటాక ఎక్కడైనా సరే, పొద్దున్నే సముద్రం దాకా నడిచి వచ్చేలా ఉంటే చాలండీ" అని మా ఆవిడ చెప్పడంతో, మా వెతుకులాట ఎండాడ, రుషికొండల మీదుగా భీమిలి వరకు సాగే బీచ్ రోడ్డుకు పరిమితమైంది. రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన సంగతితోనే ప్రతి మధ్యవర్తీ మాట మొదలుపెట్టేవాడు. తీరం అందం గురించి మాకు ఒకరు చెప్పవలసిన పని లేదు. మాకు కావలసింది ఆ ఇంటి కింద ఉన్న నేల ఎవరిదన్న సమాధానం.

మొదట నచ్చిన ఫ్లాటు రుషికొండలో, కడుతున్న అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉంది. బాల్కనీలో నిలబడితే ఎదురుగా నీలం తప్ప మరేమీ కనిపించదు. ఆ కాసేపటి ఉత్సాహంలోనే రెండు లక్షల రూపాయలు టోకెన్‌గా ఇచ్చాను. ఇచ్చింది చెక్కు రూపంలో, రసీదు తీసుకుని కాబట్టి తరువాత బతికిపోయాను. మధ్యవర్తి 1983 నుంచి ఉన్న ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) చేతిలో పెట్టి, "ఈసీ క్లియర్‌గా ఉంది సార్, బ్యాంకు లోను కూడా వస్తుంది" అన్నాడు. నిజంగానే అందులో ఒక్క తనఖా గానీ, వివాదం గానీ లేదు.

మాకు తెలిసిన న్యాయవాది గారు ఆ కాగితం చూసి, ఈసీ చెప్పేది రిజిస్టరైన లావాదేవీల గురించేనని, అమ్మిన వ్యక్తికి అసలు ఆ భూమి మీద హక్కు ఉందో లేదో అది చెప్పదని వివరించారు. ప్రభుత్వ భూమిని పొరపాటునో, తెలిసో నాలుగుసార్లు చేతులు మార్చినా, ఆ నాలుగు దస్తావేజులూ ఈసీలో వరుసగా, చక్కగానే కనిపిస్తాయి. అందుకని ఆయన లింకు డాక్యుమెంట్లతో (అంతకు ముందటి అమ్మకాల దస్తావేజులతో) పాటు సర్వే నంబరు, సబ్ డివిజన్ నంబర్లు తీసుకుని పాత అడంగల్ (రెవెన్యూ వారి భూమి రికార్డు), ఎఫ్‌ఎంబీ పటం (సర్వే కొలతల పటం) తెప్పించారు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద ప్రభుత్వం ఉంచే నిషేధిత ఆస్తుల జాబితాతోనూ సరిచూశారు. అపార్టుమెంటు స్థలం రెండు సబ్ డివిజన్లలో ఉంది. పెద్దది పట్టా భూమే. చిన్నది మాత్రం రికార్డులో గెడ్డ పోరంబోకు, అంటే వాగు పారే ప్రభుత్వ భూమి; అదే సబ్ డివిజన్ 22ఏ జాబితాలోనూ ఉంది. మన దగ్గర కొండలు సముద్రానికి ఆనుకునే ఉంటాయి కాబట్టి, కొండ మీద కురిసిన వాన గెడ్డల దారినే కడలిలో కలవాలి. ఆ దారుల్లో చాలావాటిలో ఏడాదిలో ఎక్కువ కాలం నీరు ఉండదు గనుక, చూసేవాళ్లకు అవి ఖాళీ జాగాలాగే కనిపిస్తాయి. మేము చూసిన చోట ఆ దారి మీదే లోపలికి వెళ్లే రోడ్డు, కార్ల పార్కింగు వచ్చాయి. "ఫ్లాటు పట్టా భూమిలోనే ఉంది కదా సార్" అని బిల్డరు తరఫు మనిషి నచ్చజెప్పబోయాడు గానీ, దారి లేని ఇల్లు, గెడ్డకు అడ్డంగా ఉన్న ఇల్లు నేను కొనలేనని చెప్పి వచ్చేశాను. టోకెన్ తిరిగి రావడానికి ఐదు నెలలు పట్టింది.

రెండోది భీమిలికి చేరువలో, రోడ్డుకు సముద్రం వైపున ఉన్న పాత ఫ్లాటు. దాని గురించి ఎక్కువ చెప్పను. తీరప్రాంత నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనలు పోటు గీత (పోటు సమయంలో సముద్రం చేరే హద్దు) నుంచి 500 మీటర్ల వరకు వర్తిస్తాయి. పట్టణ ప్రాంతంగా గుర్తించిన చోట్ల కూడా అప్పటికే ఉన్న రోడ్డుకు, లేదా అనుమతి పొందిన కట్టడాల వరుసకు లోపలి వైపునే కొత్త కట్టడాలను అనుమతిస్తారు. అమ్మేవారు ఆ అనుమతి గానీ, ఓసీ (కట్టడం పూర్తయ్యాక ఇచ్చే నివాసయోగ్యతా పత్రం) గానీ చూపించలేకపోయారు. మా ఆవిడ అక్కడి కిటికీలోంచి చాలాసేపు చూసి, ఏమీ మాట్లాడకుండా కారెక్కింది.

చివరికి కొన్నది ఎండాడ వైపు, తీరానికి కిలోమీటరున్నర లోపలికి, మూడేళ్ల క్రితం కట్టిన అపార్టుమెంటులో. సముద్రం డాబా మీదికి ఎక్కితేనే కనిపిస్తుంది. ఇది రీసేలు కావడం, ఓసీ వచ్చి ఉండడం వల్ల జీఎస్టీ భారం లేదు. కట్టడంలో 10 శాతం భాగాన్ని బిల్డరు ప్లాను మంజూరు చేసే సంస్థకు తనఖా పెట్టి, ఓసీ తరువాత విడిపించుకోవాలి గనుక, మా ఫ్లాటు ఆ తనఖాలో ఉందా అని చూశాము, లేదు. బ్రోచరులో 1,450 చదరపు అడుగులని ఉన్నది రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) లెక్క ప్రకారం కార్పెట్ ఏరియాగా, అంటే ఇంటి లోపల వాడుకునే స్థలంగా 1,020 అడుగులే. అవిభాజ్య భూమి వాటా, అంటే అపార్టుమెంటు స్థలంలో మా ఫ్లాటుకు వచ్చే వాటా 46 గజాలు. అంకెల్లో నేను అన్నిటికన్నా ముందు చూసింది ఇదే, ఎందుకంటే కట్టడం పాతబడుతుంది, మిగిలేది ఆ గజాలే.

ఇంటిని మాత్రం ఒక వాన కురిసిన మరునాడు, ఒక మిట్టమధ్యాహ్నం, మళ్లీ ఒక రాత్రి వెళ్లి చూశాము. తీరం గాలిలోని ఉప్పు ఇనుమును తినేస్తుంది కాబట్టి బాల్కనీ గ్రిల్లులు, డాబా మీది పైపులు, ఏసీ యూనిట్ల స్టాండ్లు, స్లాబు అంచుల్లో పెచ్చులు ఊడిన చోట్లు ఉన్నాయా అని వెతికాను. బోరు నీరు నోట్లో వేసుకుని చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి మా క్వార్టర్ కిటికీ చెక్కలు ఊడి వీధిలో పడిన రాత్రి నాకు ఇంకా గుర్తుంది; అందుకే ఇక్కడి కిటికీల చట్రాలను చేత్తో ఊపి చూశాను. వాచ్‌మన్ బాబు ఓపిగ్గా నా వెంట తిరిగాడు.

అమ్మకందారులు భార్యాభర్తలు, బెంగుళూరులో ఉంటారు. ఒరిజినల్ దస్తావేజు వారు లోను తీసుకున్న బ్యాంకులో ఉంది. ఆ తాకట్టు ఈసీలో కూడా నమోదైంది. అందుకని మా బ్యాంకు నేరుగా వారి లోను ఖాతాకే చెక్కు ఇచ్చి అప్పు తీర్చేలా, కాగితాలు చేతికొచ్చాక ఆ బ్యాంకు విడుదల దస్తావేజు కూడా రిజిస్టరు చేయించేలా అగ్రిమెంటులోనే రాయించాము. లోను మూసివేత పత్రం వస్తే చాలని అమ్మకందారుల వాదన. విడుదల దస్తావేజు రిజిస్టరు కాకపోతే తాకట్టు ఈసీలో అలాగే నిలిచిపోతుందని, రేపు మా పిల్లలు అమ్మాలనుకున్నా అడ్డు వస్తుందని మా న్యాయవాది గారు పట్టుబట్టారు. ఆ పట్టుదల వల్ల రిజిస్ట్రేషన్ మూడు వారాలు ఆలస్యమైనా నేను ఆయన పక్షానే నిలిచాను.

ధర 92 లక్షలు. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ రుసుము ఒకటి, మొత్తం ఏడున్నర శాతం చొప్పున 6,90,000 రూపాయలు కట్టాము. యాభై లక్షలు దాటిన ఆస్తికి కొనేవారే అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి ఒక శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను) మినహాయించి జమ చేయాలి. యజమానులు ఇద్దరు కావడంతో ఎవరి పాన్ నంబరు మీద వారికి విడిగా, ఆ పన్ను జమకు రెండు 26క్యూబీ ఫారాలు నింపవలసి వచ్చింది. మొదట ఒక్కటే నింపబోయి, మా అబ్బాయి ఆపడంతో సరిదిద్దుకున్నాను. కొంత సొమ్ము నగదుగా ఇస్తే తక్కువ ధరకు రాసుకోవచ్చని మధ్యలో ఒకరు సలహా ఇచ్చారు. నా పెన్షను డబ్బు పూర్తిగా లెక్కలోనే ఉండాలని నిరాకరించాను. అమ్మకందారులూ సంతోషంగానే ఒప్పుకున్నారు.

రిజిస్ట్రేషన్ రోజు పని గంటన్నరలో ముగిసింది. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ)లో ఇంటి పన్ను పేరు మార్పిడి, ఈపీడీసీఎల్ (విద్యుత్ పంపిణీ సంస్థ)లో మీటరు పేరు మార్పిడి అయ్యేసరికి మరో నెల గడిచింది. అన్నీ ముగిశాక మళ్లీ ఒకసారి ఈసీ తీయించాను. మా దస్తావేజు నంబరు, దాని పక్కనే బ్యాంకు విడుదల దస్తావేజు నంబరు రెండూ అందులో ఉన్నాయి. ఆ కాగితం న్యాయవాది గారికి చూపించి వచ్చిన సాయంత్రమే క్వార్టర్ తాళంచెవులు ఆఫీసులో అప్పగించాను.