వేమన చెప్పని వేమన పద్యం

కడపలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతున్నాను. పోయిన నెల మొదటి సంవత్సరం పిల్లలకు ఒక పని అప్పజెప్పాను. ఇంట్లో ఎవరి నోటైనా విన్న వేమన పద్యం ఒకటి తీసుకుని, దాని గురించి ఒక పేజీ రాసుకుని రమ్మన్నాను.

38 కాగితాలు వచ్చాయి. సగానికి పైగా ఒకే మాటతో ముగిశాయి: ఈ పద్యం నేటి సమాజానికి ఎంతో ఆవశ్యకం. చాట్‌జీపీటీని అడిగి రాశారని తెలుస్తూనే ఉంది. దానికి పెద్దగా బాధపడలేదు. ఒక కాగితంలోని పద్యం మాత్రం నన్ను కలవరపెట్టింది. నీతి బాగుంది, చివర ‘విశ్వదాభిరామ వినురవేమ’ అనే మకుటమూ ఉంది. కానీ అలాంటి పద్యం నేనెక్కడా చదవలేదు, వినలేదు. వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలది అనే ఛందస్సులో నడుస్తాయి. దాని రెండో పాదంలో ఐదు సూర్యగణాలు, అంటే గురులఘువులతో కట్టిన చిన్న లయ ముక్కలు, ఉండాలి. అక్కడ గణాలే కుదరలేదు. ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టి పేర్చుకుంటూ పోయే యంత్రానికి మకుటం దొరికింది, నడక దొరకలేదు.

వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ ఈ ఊళ్ళోనే, తన సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని వ్రాతప్రతులను సరిపోల్చించాడు. అంత శ్రమ నేను పిల్లలను అడగను. ఒక్కసారి గొంతెత్తి చదువుకుని ఉంటే, కుంటుతున్న పాదం చెవికి తగిలేది.

ఆ అబ్బాయిని పిలిచి, కాగితం బోర్లించి, అందులోంచి ఒక్క వాక్యం చెప్పమన్నాను. తన చేత్తో రాసిందే, చెప్పలేకపోయాడు. 2025లో ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధకులు 54 మందితో వ్యాసాలు రాయించినప్పుడూ ఇదే కనబడింది. చాట్‌జీపీటీతో రాసినవాళ్ళలో ఎక్కువమంది తమ వ్యాసంలోని ఒక వాక్యాన్ని కాసేపటికే సరిగ్గా అప్పజెప్పలేకపోయారు. చిన్న అధ్యయనమే, దానితోనే అంతా తేల్చలేం.

"మీ ఇంట్లో ఎవరూ పద్యాలు చెప్పరా?" అని అడిగాను.

"మా అవ్వ చెబుతుంది సార్. అది రాయడానికి పనికిరాదనుకున్నాను."

పద్యంలో తప్పు దిద్దవచ్చు. తన ఇంటి మాట కాగితానికి తగదని పద్దెనిమిదేళ్ళకే నమ్మేసిన పిల్లవాడికి ఏం చెప్పాలి?

బంధువుల పెళ్ళిలో తమను చివరి పంక్తిలో కూర్చోబెట్టినప్పుడు, వాళ్ళ అవ్వ అద్దంలో కొండ చిన్నదిగా కనిపించే పద్యం చదివి, నెమ్మదిగా భోజనం ముగించిందట. అదే రాయమన్నాను. ఫోను నా బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఇరవై నిమిషాల్లో అరపేజీ, నాలుగు కొట్టివేతలు. తర్వాత అవ్వ చెప్పిన పద్యం రెండో పాదాన్ని పైకి చదువుతూ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఐదూ సరిపోయాయి.