ఒకే ప్రకటన, రెండు పరికరాలు: నిలిపివేసిన ఆడియో సరంజామాతో నా అనుభవం

ఒకే కంపెనీ తయారు చేసిన రెండు పరికరాలను నేను కలిపి కొన్నాను. ఒకటి, డ్యాక్ (డిజిటల్ సంగీతాన్ని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే భాగం) లోపలే ఉన్న నెట్‌వర్క్ స్ట్రీమర్, అంటే ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చి వినిపించే పెట్టె. రెండోది, ఒక్కడే ఎత్తాలంటే నడుం సహకరించనంత బరువైన స్టీరియో పవర్ ఆంప్, అంటే సిగ్నల్‌ను పెంచి స్పీకర్లను నడిపే యంత్రం. ఏడాది తిరగకుండానే ఆ శ్రేణి మొత్తాన్ని నిలిపివేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. మిగిలిన సరుకును వదిలించుకోవడానికి డీలర్లు వెంటనే ధరలు తగ్గించారు. నేను పూర్తి ధర పెట్టి కొన్నవే, పెట్టె కూడా విప్పనివి, మూడింట రెండు వంతుల ధరకు దొరకసాగాయి. డబ్బు పోయిందన్న బాధ ఒక ఎత్తయితే, నా వెనక వచ్చినవాడికి అదే వస్తువు నాకన్నా చవకగా దక్కుతోందన్న ఉక్రోషం మరో ఎత్తు. ముందురోజు వరకూ నాకెంతో నచ్చిన శబ్దంలో ఆ ప్రకటన వల్ల రవ్వంత తేడా కూడా రాలేదు. అయినా కొన్నాళ్లపాటు ఏ పాట పెట్టినా నాకు దాని ధరే వినిపించింది.

సలహాలకు కొదవ లేదు. ఇప్పుడే అమ్మెయ్యి, రేపటికి ఎవరూ అడగరని ఒక మిత్రుడు అన్నాడు. అట్టే పెట్టుకో, దొరకనిదైతే ధర అదే పెరుగుతుందని మరొకడు అన్నాడు. రెండోవాడి దగ్గర మంచి ఉదాహరణే ఉంది. ఒప్పో డిజిటల్ 2018 ఏప్రిల్‌లో కొత్త ఉత్పత్తులను ఆపేస్తున్నట్టు ప్రకటించాక, దాని యూడీపీ-205 డిస్క్ ప్లేయర్ సెకండ్ హ్యాండ్‌లో అసలు ధరకు మించి అమ్ముడుపోయింది. అయితే ఆ ధర పెరిగింది ఆపేసినందుకు కాదు. బ్లూరే, ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో వంటి డిస్కులన్నీ ఆడించి, మంచి డ్యాక్‌తో అనలాగ్ అవుట్‌పుట్ ఇచ్చే యంత్రం ఆ ధరలో వేరొకటి మార్కెట్లో లేకపోయింది. నా స్ట్రీమర్ చేసే పనిని కొత్తగా వచ్చే ప్రతి స్ట్రీమరూ చేస్తుంది. ఆ తేడా గమనించాక ఆ ఉదాహరణ నన్ను ఊరించడం మానేసింది.

అరుదైనదన్న ధీమా కూడా ఎల్లకాలం నిలవదు. టెక్నిక్స్ తన ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ తయారీని 2010లో ఆపేసి, 2016లో కొత్త మోటారుతో మళ్లీ మొదలుపెట్టింది. ఇక దొరకదని నమ్మి దాచుకున్నవాడికి తయారీదారే పోటీగా తిరిగి రావచ్చన్నమాట.

ఆపేయడం అంటే వస్తువు విఫలమైందని అనుకోవడం మరో పొరపాటు. యమహా ఎన్‌ఎస్-10 స్టూడియో స్పీకర్లకు గిరాకీ ఉండగానే 2001లో తయారీ ఆగిపోయింది; ఊఫర్ (కింది స్థాయి స్వరాలు పలికే స్పీకర్) కోన్‌కు వాడే కాగితపు గుజ్జు దొరక్కపోవడమే దానికి కారణం. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయొకాలో ఏకేఎం కంపెనీ చిప్‌ల కర్మాగారం తగలబడినప్పుడు, ఆ డ్యాక్ చిప్‌లనే నమ్ముకున్న ఎన్నో కంపెనీలు తమ మోడళ్లను ఆపి, ఈఎస్‌ఎస్ అనే మరో కంపెనీ చిప్‌లతో బోర్డులను తిరిగి రూపొందించుకున్నాయి. ఆ తర్వాత ఏకేఎం చిప్ ఉన్న పాత మోడలే కావాలని వెతుక్కున్న శ్రోతలూ ఉన్నారు. కాబట్టి ఎందుకు ఆపారన్నదాని చుట్టూ తిరగడం మాని, ఈ వస్తువు బతకడానికి బయటివాళ్ల మీద ఎంత ఆధారపడుతోందని ఒక్కొక్క పరికరాన్నీ విడివిడిగా చూడడం మొదలుపెట్టాను. అక్కడే నా రెండు పరికరాల దారులు వేరయ్యాయి.

స్ట్రీమర్‌ది పరాధీన జీవితం. ఫోన్‌లోని యాప్ కంపెనీది. ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడల్లా ఆ యాప్‌ను ఎవరో ఒకరు సరిచేస్తూ ఉండాలి. సంగీత సేవలు తమ లాగిన్ పద్ధతిని మార్చుకుంటే ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) మారాలి. లాజిటెక్ స్క్వీజ్‌బాక్స్ స్ట్రీమర్ల శ్రేణి 2012లో ఆగిపోయినా దాని ఆన్‌లైన్ సేవ 2024 వరకూ నడిచింది. అది మూసేశాక కూడా ఆ పెట్టెలు పనిచేస్తున్నాయంటే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా తీసుకుని మార్చుకోగలది) కావడం, వాడుకరులే దాన్ని లిరియన్ పేరుతో నడుపుకోవడం వల్లనే. నా స్ట్రీమర్ సాఫ్ట్‌వేర్ అలాంటిది కాదు. పైగా కొన్నప్పుడు గొప్పగా చెప్పిన ఎంక్యూఏ (నాణ్యమైన ఆడియోను చిన్న ఫైళ్లలోకి కుదించే పద్ధతి) డీకోడింగ్ సంగతి చూడండి: ఆ సాంకేతికత సొంతదారు 2023లో దివాలా ప్రక్రియలోకి వెళ్లి చేతులు మారింది, టైడల్ అనే సంగీత సేవ 2024లో దాన్ని వదిలేసి, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌కు మారింది. ముందు ప్యానెల్ మీద ఆ గుర్తు ఇప్పటికీ వెలుగుతుంది. కొనేవాడు మాత్రం దానికి పైసా ఎక్కువ ఇవ్వడు.

పవర్ ఆంప్‌కు కరెంటు, సిగ్నల్, స్పీకర్లు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. దాన్ని పాత ఆంప్‌లు బాగుచేయడంలో తలపండిన ఒక టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పైమూత తీసి, సర్క్యూట్ బోర్డు మీద భాగాల నంబర్లను భూతద్దంతో ఒక్కొక్కటీ చదివారు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఇంకా తయారవుతున్న రకమే. ఫిల్టర్ కెపాసిటర్లు మామూలు స్నాప్-ఇన్ రకం. అదే కొలతలో, అదే వోల్టేజీలో మరో కంపెనీవి సరిపోతాయి. ఇన్‌పుట్ దగ్గర తోషిబా 2ఎస్‌కే170 వంటి, తయారీ ఆగిపోయిన జేఫెట్లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు) ఉంటాయేమోనని నాకు భయంగా ఉండేది. నకిలీల బెడద వాటికి చాలా ఎక్కువ. ఇందులో మామూలు బైపోలార్ ట్రాన్సిస్టర్లే ఉన్నాయని ఆయన తేల్చారు. ఆ తర్వాత స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ ఆఫ్‌సెట్, అంటే పాట లేకపోయినా అక్కడ ఉండిపోయే అనవసరపు డీసీ వోల్టేజీని, కొలిచారు. రెండు ఛానళ్లలోనూ పది మిల్లీవోల్టులకు లోపే వచ్చింది. "దీన్ని మీ తర్వాతివాళ్లు కూడా వాడుకుంటారండీ, గాలి ఆడేలా పెట్టండి చాలు" అన్నారు. గాలి మాట ఊరికే అన్నది కాదు: ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ చుట్టూ వేడి పది డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్నది ఆ వృత్తిలో అందరూ పాటించే లెక్క. స్ట్రీమర్ గురించి అడిగితే, దాని ఓలెడ్ డిస్‌ప్లే మసకబారితే మార్చడానికి ముక్క దొరకదనీ, ప్రాసెసర్ బోర్డు పోతే తాను చేయగలిగింది లేదనీ సూటిగా చెప్పారు.

అక్కడితో నిర్ణయం అయిపోయింది. స్ట్రీమర్‌ను అమ్మాలి, ఆంప్‌ను ఉంచుకోవాలి.

ధర కట్టడం దగ్గర నాకు చాలా సమయం పట్టింది. అమ్మకానికి పెట్టినవాళ్లు అడుగుతున్న ధరలు చూస్తే నాకు లాభం వచ్చేలా ఉంది. కాని అవన్నీ నెలల తరబడి అమ్ముడుపోకుండా ఉన్న ప్రకటనలు. అడిగే ధర ఆశ, అమ్ముడైన ధరే మార్కెట్. పూర్తయిన అమ్మకాలను మాత్రమే ఏరుకుని చూస్తే వేరే చిత్రం కనిపించింది. డీలర్ల తగ్గింపు సరుకు ఉన్నంతకాలం వాడిన వస్తువు దాదాపు కదలలేదు. వారంటీతో కొత్తదే దొరుకుతుంటే, రెండో సొంతదారుకు బదిలీ కాని వారంటీతో పాతది ఎవరు కొంటారు? ఆ సరుకు అయిపోయాక ధరలు కాస్త నిలదొక్కుకున్నాయి. అందుకే తొందరపడి ప్రకటన రోజునే అమ్మినవాళ్లకన్నా, సరుకు ఖాళీ అయ్యేదాకా ఆగినవాళ్లకు మెరుగైన ధర వచ్చింది. అలాగని మరీ ఆగితే, ఆఖరి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తేదీ పాతబడుతున్న కొద్దీ అడిగేవాళ్లు తగ్గిపోతారు. ఆ రెండింటి నడుమ ఉన్న సందులో నేను ప్రకటన ఇచ్చాను. కొన్న ధరను ఆ పాటికి మనసులోంచి తీసేశాను. కొనేవాడికి దానితో నిమిత్తం లేదు కదా.

ప్రకటనలో వర్ణనలు తగ్గించి ఫొటోలు పెంచాను: వెనక ప్యానెల్, రిమోట్, ఒరిజినల్ లోపెట్టె, పైపెట్టె, రెండు వైపులా ఫోమ్ దిమ్మెలు, చీకట్లో తీసిన డిస్‌ప్లే. సీరియల్ నంబరు అడిగినవాళ్లకు విడిగా పంపాను. మూతకు ఒక మూల ఉన్న సన్నటి గీతను దగ్గరనుంచి తీసి మొదటి వరుసలోనే పెట్టాను. బేరానికి వచ్చేవాడు ఎలాగూ దాన్నే ముందు చూస్తాడు. మనమే చూపిస్తే బేరం అక్కడినుంచి మొదలవదు.

కొన్నాయన తన హెడ్‌ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లో తనకు కంఠతా వచ్చిన పాటలు తెచ్చుకున్నారు. ముందు పాట లేకుండానే వాల్యూమ్ పూర్తిగా పెంచి హిస్ (వెనక వినిపించే బుస్సుమనే రొద) విన్నారు. తర్వాత 44.1 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటు ఫైలు నుంచి 96కు, 96 నుంచి డీఎస్‌డీ అనే మరో రకం డిజిటల్ ఫార్మాట్‌కు మారుస్తూ, మారినప్పుడల్లా టప్‌మని చప్పుడు వస్తోందా అని చెవి పెట్టారు. నాకు నచ్చిన కొనుగోలుదారు ఆయన. ఏమి వినాలో తెలిసినవాడికి అమ్మితే తర్వాత పేచీ ఉండదు. "యాప్ ఆగిపోతే ఏం చేస్తారు?" అని నేనే అడిగాను. తాను యాప్ వాడననీ, యూఎస్‌బీ ఇన్‌పుట్‌లో కంప్యూటర్ కలిపి కేవలం డ్యాక్‌గానే వాడుకుంటాననీ చెప్పారు. ఆ విధంగా చూస్తే ఆ పెట్టెకు నేననుకున్నదానికన్నా ఎక్కువ జీవితమే ఉంది. బేరం కుదిరాక నా ఖాతాలన్నీ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అన్నీ సరిగా ఉన్నాయని ఆయన ఎదుటే మళ్లీ ఒకసారి ఆన్ చేసి చూపించాను. చేతికి వచ్చింది కొన్న ధరలో సగానికి కాస్త తక్కువ.

స్ట్రీమర్ స్థానంలో ఇప్పుడు ఓపెన్ సోర్స్ ప్లేయర్ నడిచే చిన్న కంప్యూటరూ, విడిగా ఒక సాదా డ్యాకూ ఉన్నాయి. వాటిలో ఏది ఆగిపోయినా మిగతాదాన్ని కదపనక్కర్లేదు. ఆంప్ కోసం ఒకే బ్యాచ్‌లోని అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) సరిపోయే జతలుగా ఆ టెక్నీషియన్ చేతే ఏరించి, ఆయన రాసిచ్చిన ఆఫ్‌సెట్, బయాస్ (పాట లేనప్పుడూ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు) కొలతల కాగితం, సర్వీస్ మాన్యువల్‌తో కలిపి దాచాను. ఈ మధ్య ఒకరు ఆంప్‌ను అమ్ముతారా అని అడిగి మంచి ధరే చెప్పారు. ఆ ధరకు అలాంటి ఆంప్ నాకు మరొకటి దొరకదు కనుక వద్దన్నాను.