రుజువు మన చేతికి ఏమిస్తుంది?

ప్రతి అడుగూ సరైనదేనని ఒప్పుకున్నాక కూడా నాలో వెలితి మిగిల్చిన రుజువు ఒకటి ఉంది. కరణీయ సంఖ్యకు (√2 లాగా, పూర్ణాంకాల భిన్నంగా రాయలేనిదానికి) కరణీయ సంఖ్యనే ఘాతాంకంగా పెడితే అకరణీయ సంఖ్య (అలా రాయగలిగినది) రావడం సాధ్యమా అన్నది ప్రశ్న. √2 కు √2 నే ఘాతాంకంగా పెట్టి చూద్దాం. వచ్చినది అకరణీయమైతే సరే. కాకపోతే, దానికే మరోసారి √2 ను ఘాతాంకంగా పెడితే కచ్చితంగా 2 వస్తుంది. ఎటు తిరిగినా అలాంటి జంట ఉందని తేలింది గాని, ఆ రెండింటిలో ఏదన్నది తేలలేదు. (రెండోదేనని చెప్పగలిగింది 1934లో గణితవేత్తలు గెల్ఫోండ్, ష్నైడర్ విడివిడిగా నిరూపించిన లోతైన సిద్ధాంతం వల్ల.)

ఆధారవాక్యాలన్నీ నిజమయ్యే ప్రతి నమూనాలోనూ (వాక్యాల్లోని పదాలకు అర్థం ఇచ్చే ప్రతి తీరులోనూ) నిగమనం నిజమైతే, అది వాటి నుంచి తార్కికంగా ఫలిస్తుందని తర్కవేత్త టార్‌స్కీ 1936లో నిర్వచించాడు. రుజువు ఎలా సాగిందన్న ప్రసక్తి ఇందులో లేదు. గణితవేత్త బ్రౌవర్‌కు అది చాలదు. ఒక గణితవస్తువు ఉందనడమంటే దాన్ని నిర్మించి చూపడమే గనుక, పై రుజువు మొదలయ్యే 'అయితే అకరణీయం, లేకపోతే కరణీయం' అన్న మాటకే అతను ఆధారం అడుగుతాడు.

తర్కవేత్త గెంట్‌జెన్ 1934–35లో వేరే దారి చూపాడు: 'మరియు', 'లేదా' వంటి పదాల అర్థాన్ని వాటిని వాక్యంలోకి తెచ్చే నియమాలే నిర్ణయిస్తాయి. నాకు దగ్గరగా తోచే దారి ఇదే, కానీ దీనికి గట్టి దెబ్బ తగిలింది. 'లేదా'లా వాక్యంలోకి వచ్చి, 'మరియు'లా బయటికి వెళ్లే 'టాంక్' అనే పదాన్ని తర్కవేత్త ప్రయర్ 1960లో కల్పించాడు: 'క' నుంచి 'క టాంక్ ఖ' అనవచ్చు, 'క టాంక్ ఖ' నుంచి 'ఖ' తీయవచ్చు. దాన్ని ఒప్పుకుంటే ఏ వాక్యం నుంచైనా ఏ వాక్యమైనా రాబట్టవచ్చు. కాబట్టి తెచ్చే నియమం ఇచ్చినదానికి మించి తీసే నియమం రాబట్టకూడదన్న పొందిక తప్పనిసరి అవుతుంది.

మొదటి ప్రశ్నకు మరో రుజువు ఉంది. √2 కు, 2 ఆధారంగా 9 యొక్క లాగరిథమ్‌ను ఘాతాంకంగా పెడితే 3 వస్తుంది. ఆ లాగరిథమ్ భిన్నమే అయితే, 2 యొక్క ఏదో ఘాతం 9 యొక్క ఏదో ఘాతానికి సమానం కావాలి, అంటే సరిసంఖ్య బేసిసంఖ్య కావాలి. ఇక్కడ జంట కళ్లెదుటే ఉంది. రెండు రుజువులూ చేరింది ఒకే వాక్యానికి గనుక టార్‌స్కీ నిర్వచనానికి వాటి మధ్య తేడాయే కనబడదు. నేను అడుగుతున్నది మాత్రం ఆ తేడా గురించే.